తాళం చెవి

హల్ పట్నంలో, హెస్సిల్ రోడ్డు మీద,
మూతపడ్డ చేపల కొట్టు పైన రెండు గదులు.
బోర్డు ఉండదు. ఉండకూడదు.
ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్ళు
ఎవరి నుంచి, ఏ తారీఖున, ఏ దెబ్బతో వచ్చారో
అక్కడొక పాత కంప్యూటర్‌లో ఉంటుంది.
గురువారాలు దానికి కాపలా నేను.

జీతం లేని కాపలా కాబట్టి
మరీ గట్టిగా కాశాను.
ఇరవై నాలుగు అక్షరాల పాస్‌వర్డు,
నెల తిరిగితే కొత్తది,
మూడు తప్పులకి గంట శిక్ష,
ఆపైన బొటనవేలంత ఇనప బిళ్ళ, అసలు చెవి అందులోనే.
నకలు లేదు.
నకలంటే గోడకి కన్నమే అన్నాను,
పాఠం చెబుతున్నట్టు.

డోరీన్ హాల్డెన్‌బీకి అరవై ఆరు.
కీళ్ళవాతంతో వంకరపోయిన వేళ్ళు
పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ మధ్య జారిపోయేవి.
తొమ్మిదో రోజున బిస్కెట్ల డబ్బా అడుగున
ఇరవై నాలుగు అక్షరాలూ దొరికాయి, నీలం సిరాలో,
పక్కన పాలవాడి బాకీ.
నేను కేకలేశాను.
ఆమె డబ్బా మూత తీసి
"ఒకటి తీసుకో" అంది.

తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని
అంటారు మనవాళ్ళు.
గొళ్ళేలన్నీ నేనే బిగించాను.
మరిచింది తలుపుని.

జనవరిలో ఇనప బిళ్ళ
డోరీన్ ఏప్రన్ జేబులో, వాషింగ్ మెషీన్‌లో,
మరిగే నీళ్ళలో గంటన్నర తిరిగింది.
సబ్బు వాసనేస్తూ తళతళా బయటికొచ్చింది.
ఇక పలకలేదు.

ఆ శుక్రవారం సాయంత్రమే కెర్రీ వచ్చింది.
సోమవారం కోర్టు.
పదకొండు తారీఖులు కావాలి తనకి,
రెండేళ్ళుగా మేం రాసిపెట్టినవి.
ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు,
తెర నిండా చల్లిన నూకల్లా.
లెక్క ప్రకారం నేను గెలిచాను.
ఏ దొంగ కన్నూ వాటిని చదవలేదు.
కెర్రీ కన్ను కూడా.

మా భాషలో దీన్ని తాళానికి చెవి అంటాం
అని డోరీన్‌కి చెప్పాను, చెప్పడానికి ఇంకేమీ లేక.
"అయితే చెవుడొచ్చిందన్నమాట" అంది.
పెన్సిలు చెక్కుకుని కెర్రీ ఎదురుగా కూర్చుంది.
కెర్రీ మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది.
మళ్ళీ చెప్పడమంటే ఏమిటో
గోడకానుకుని విన్నాను.
ఏడు తారీఖులు గుర్తొచ్చాయి.
నాలుగు రాలేదు.
సోమవారం ఏడింటితోనే వెళ్ళింది.

సిగ్గుతో నేను రెండో వైపు దూకాను.
అన్నీ తీసేస్తాను, కాగితం మీద రాసి
గోడకి అంటిస్తానన్నాను.
డోరీన్ తల అడ్డంగా ఊపింది.
"మా ఇంటి తాళానికి ఒకటే చెవి ఉండేది, ఆయన జేబులో.
అది తప్పు.
పారిపోయాక నా అడ్రసు మా చెల్లెలికి తెలుసు,
దానికి నోరాగదు.
ఆరు వారాలకి గుమ్మంలో ఆయన.
అదీ తప్పే.
మధ్యలో ఏముందో నువ్వు చూడు. చదువుకున్నదానివి."

చూశాం. కొత్త చెవిని ఐదు ముక్కలు చేశాం.
ఏ మూడు కలిసినా వింటుంది.
రెండు కలిస్తే రాయి.
ఒకటి రాత్రి డ్యూటీ ఫర్జానా దగ్గర,
ఒకటి లాయరు బీరువాలో,
ఒకటి మందుల షాపు ఒలాబిసి దగ్గర, ఒకటి నాది.
పాస్‌వర్డు ఇప్పుడు ఆరు మామూలు మాటలు,
పాచికలు వేసి నిఘంటువులోంచి ఏరినవి.
అందులో ఒకదానికి డోరీన్ ఇప్పటికీ నవ్వుతుంది.
ఏ మాటో చెప్పను.
మూడు నెలలకోసారి నిజంగా తెరుస్తాం,
బూజు పట్టిందేమోనని
ఆవకాయ జాడీ మూత తీసినట్టు.

ఐదో ముక్క ఎక్కడ దాచిందో
డోరీన్ చెప్పలేదు. నేనడగలేదు.
అడగకూడదన్న నియమం నేనే రాశాను.
ఆమె లేనప్పుడు మాత్రం ఒకసారి
బిస్కెట్ల డబ్బా తిరగేశాను.
పాలవాడి బాకీ ఉంది.
దాని కింద నీలం సిరాలో, వంకర అక్షరాల్లో:
"ఇక్కడ కాదు, పిల్లా."